రోజూ తడిగుడ్డ పెట్టినా నేల జిగటగానే ఉంటోందా? విట్రిఫైడ్ టైల్స్, తాండూరు బండలు, బోరు నీళ్లు

మీరు రాసినదాన్ని బట్టి హాల్లో రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్, వంటింట్లోనూ వరండాలోనూ తాండూరు బండలు, వాడేవి బోరు నీళ్లు. రోజూ బకెట్లో ఫినాయిల్, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి తుడిపిస్తున్నారు. ఆరాక తెల్లటి పొర, కాళ్లకు జిగట, నడిస్తే అడుగుల ముద్రలు. ఒకసారి యాసిడ్ కొట్టిస్తే అంతా పోతుందని ఎవరో చెప్పారు, చేయించమంటారా అని అడిగారు.

యాసిడ్ మాత్రం వద్దండి. ముఖ్యంగా ఆ బండల మీద. ఎందుకో కింద చెప్తాను. ముందు ఆ పొర ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

తుడిచాక నీళ్లు ఆవిరైపోతాయి, నీళ్లలో కరిగి ఉన్నవి మాత్రం నేల మీదే ఉండిపోతాయి. బోరు నీళ్ల టీడీఎస్ 1000 ఉందనుకోండి, అంటే లీటరుకు ఒక గ్రాము లవణాలు. సరిగా పిండని గుడ్డతో తుడిస్తే హాలు మొత్తం మీద ఒక లీటరు నీళ్లు ఆరతాయనుకుంటే రోజుకో గ్రాము అక్కడే చేరుతుంది. ఇక మీరు వేస్తున్న గుప్పెడు ఉప్పు 50 గ్రాములు అనుకున్నా, 5 లీటర్ల బకెట్లో లీటరుకు 10 గ్రాములు. బోరు నీళ్లలో ఉన్నదానికి పదింతలు మనమే కలుపుతున్నాం.

ఆ రాళ్ల ఉప్పుతో ఇంకో చిక్కు ఉంది. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది అందుకే. అదే పొర నేల మీద ఉంటే పొద్దున ఆరిన నేల సాయంత్రానికి మళ్లీ జిగటగా తగులుతుంది. దిష్టి కోసం, శుక్రవారం ఆచారం కోసం ఉప్పు నీళ్లు పెట్టాలనుకుంటే పెట్టండి, కాదనను. గడప దగ్గర టైల్స్ మీద పెట్టి, ఆ వెంటనే మంచినీళ్లతో రెండోసారి తుడిచేయండి. బండల మీద మాత్రం ఉప్పు అసలు వద్దు. రాయి సన్నటి రంధ్రాల్లోకి ఇంకి, లోపల గడ్డకట్టి, పైపొరను పొట్టులా లేపుతుంది.

మూడోది ఫినాయిల్. తెల్ల ఫినాయిల్‌లో పైన్ నూనె, దాన్ని నీళ్లలో కలిపి ఉంచే సబ్బు లాంటి పదార్థం ఉంటాయి. కఠిన జలంలోని కాల్షియం తగిలితే ఆ సబ్బు కరగని తెట్టుగా మారుతుంది. స్నానాల గదిలో బకెట్ చుట్టూ పట్టే తెల్లటి తెట్టు ఇదే. ఫినాయిల్ ఎక్కువ పోస్తే శుభ్రం ఎక్కువ అవదు, తెట్టు ఎక్కువవుతుంది. నల్ల ఫినాయిల్ అయితే ఇంట్లోకే వద్దు. పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో అది ప్రమాదం కూడా.

మీ నేల మీద ఉన్నది పైన కలిపిన ఫినాయిల్, ఉప్పుల పొరా, బోరు నీళ్ల లవణమా అనేది హాల్లో ఒక్క టైల్ మీద తేల్చుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లలో ఉతికిన గుడ్డతో ఆ టైల్‌ను గట్టిగా రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. పక్క టైల్ కన్నా అది మెరిస్తే ఎక్కువగా ఫినాయిల్, ఉప్పుల పొర. ఆరాక ఇంకా తెల్లగానే ఉంటే దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేసి నిమిషం ఆగి తుడవండి. అప్పుడు పోతే ఎక్కువగా బోరు నీళ్ల లవణం. చాలా ఇళ్లలో రెండూ కలిసే ఉంటాయి. ఈ వెనిగర్ పరీక్ష టైల్ మీదే చేయాలి, బండ మీద చేయకూడదు.

పాత పొర తీయడం ఒక్కసారి పెట్టుకునే పని, సెలవు రోజున చేసుకోండి. 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. నాలుగైదు టైల్స్ తడిపి, రెండు నిమిషాలు నాననిచ్చి, మెత్తటి స్క్రబ్‌తో రుద్ది, మురికి నీళ్లను వైపర్‌తో లాగేయండి. ఆరేదాకా ఉంచితే మళ్లీ అక్కడే అంటుకుంటుంది కాబట్టి హాలంతా ఒకేసారి తడపొద్దు. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడవాలి. రెండోసారి బకెట్లో నురగ కనబడితే మూడోసారి కూడా. అప్పటికీ తెల్లపొర మిగిలితే 4 లీటర్ల నీళ్లకు 200 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి టైల్స్ మీద మాత్రమే పెట్టండి. అంతకు ముందు టైల్స్ మధ్య జాయింట్లను ఉత్త నీళ్లతో తడపాలి. పొడి జాయింట్ ఆమ్లాన్ని పీల్చేసుకుంటుంది, అందులోని సిమెంట్ కరుగుతుంది. ముందే నీళ్లు తాగి ఉంటే పీల్చుకోదు. రెండు మూడు నిమిషాలకు మించి ఉంచకుండా కడిగేయండి.

ఇక రోజూ చేసే పని. తడిగుడ్డ కన్నా ముందు ఊడ్చడం బాగా జరగాలి. ఫ్యాన్ ఆపి, మూలల నుంచి గుమ్మం వైపు ఊడ్చాలి. దుమ్ము మిగిలిన నేల మీద తడిగుడ్డ పెడితే అది బురదై జాయింట్లలో చేరుతుంది. కొత్త కొండ చీపురు కొన్న మొదటి రోజుల్లో ఎంత ఊడ్చినా సన్నటి పొట్టు రాలుతూనే ఉంటుంది కదా. బయటికి తీసుకెళ్లి గోడకు తలకిందులుగా కొట్టి, పాత దువ్వెనతో కుచ్చును కొసల దాకా దువ్వి, నీళ్లలో ముంచి ఎండలో ఆరబెడితే చాలావరకు పోతుంది.

తర్వాత రెండు బకెట్లు. దీన్ని ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఒకదాంట్లో మందు, అంటే నేల తుడిచే క్లీనర్, కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మందు నీళ్లలో ముంచి, పిండి, తుడిచాక ఆ గుడ్డను ముందు ఉత్త నీళ్లలో జాడించి పిండి, ఆ తర్వాతే మళ్లీ మందు నీళ్లలో ముంచాలి. ఒకే బకెట్ అయితే మూడో జాడింపు నుంచి మురికినే ఇల్లంతా సమంగా పూస్తున్నట్టు. రెండడుగుల టైల్స్ అయితే సుమారు 30 టైల్స్‌కు, అంటే 120 చదరపు అడుగులకు ఒకసారి ఉత్త నీళ్లు మార్చాలి. నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కనబడకపోతే అంతకన్నా ముందే మార్చాలి.

గుడ్డ ఎంత పిండాలన్నదానికి కొలత ఇది: ఎత్తి పట్టుకుంటే చుక్క కారకూడదు, తుడిచిన చోటు ఫ్యాన్ కింద మూడు నాలుగు నిమిషాల్లో ఆరిపోవాలి. అంతకన్నా ఎక్కువసేపు తడి ఉంటే నీళ్లు ఎక్కువైనట్టే, లవణం కూడా అంత ఎక్కువ దిగుతుంది. స్పిన్ మాప్ అయితే తిప్పడం ఆగాక ఇంకోసారి తిప్పండి.

మందు కొలత సీసా మీద రాసినంతే. ఇంట్లో పనిచేసే ఆవిడకు పెద్ద సీసా అప్పగించి అంచనాగా పోయమంటే ఎవరి చేతనైనా ఎక్కువే పడుతుంది. ఒక పాత సీసా మూత మీద గీత గీసి, ఇదే కొలత అని పక్కన పెట్టండి. రెండో బకెట్ కూడా మనమే నింపి ఉంచితే ఆవిడ పని పెరగదు. ఇంకో సంగతి, క్రిములు చావాలంటే క్రిమినాశిని నేల మీద తడిగా ఉండాల్సిన సమయం ఒకటి ఉంటుంది. చాలావాటికి సీసా మీద 10 నిమిషాలు అని రాసి ఉంటుంది. మూడు నిమిషాల్లో ఆరిపోయే రోజువారీ తుడుపులో ఆ పని పూర్తిగా జరగదు. అందుకని రోజూ ఉత్త నీళ్లు గానీ, చాలా తక్కువ క్లీనర్ గానీ చాలు. క్రిమినాశినిని వాంతులు, విరేచనాలు, పెంపుడు జంతువుల మూత్రం లాంటివి పడ్డప్పుడు పూర్తి సమయం ఉంచి వాడి, ఆపైన కడగండి.

నీళ్ల సంగతి. మున్సిపల్ నీళ్లు, హైదరాబాద్‌లో అయితే మంజీరా, కృష్ణా నీళ్లు వస్తుంటే, ఆఖరి తుడుపు వాటితో చేయండి. మూడు నాలుగు లీటర్లు సరిపోతాయి. వృథా చేయకూడదని చాలామంది ఆర్ఓ వదిలేసిన నీళ్లతో ఇల్లు తుడిపిస్తారు. ఉద్దేశం మంచిదే గానీ, వచ్చిన నీళ్లలో సగం శుద్ధై సగం బయటికి పోతే ఆ పోయిన సగంలో లవణాలు దాదాపు రెట్టింపు ఉంటాయి. వాటిని బాత్‌రూమ్ ఫ్లష్‌కు, తొలి జాడింపుకు వాడండి. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం ఆఖరి తుడుపుకు చాలా బాగుంటాయి. గాలిలోని ఆవిరి చల్లబడి కారినవి కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. కొంచెం దుమ్ము ఉంటుంది, గుడ్డలో వడగట్టుకోండి.

ఇప్పుడు తాండూరు బండలు. ఇవి, పక్క రాష్ట్రపు షాబాద్ బండలు, బేతంచెర్ల, కడప నాపరాళ్లు అన్నీ సున్నపురాళ్లే. మార్బుల్ కూడా అదే జాతి, పాత ఇళ్లలోని మొజాయిక్‌లో కనబడే చిప్స్ కూడా మార్బుల్ ముక్కలే. యాసిడ్ పడితే సున్నపురాయి బుసబుసమని పొంగుతుంది. పొంగేది మురికి అనుకుంటారు, నిజానికి అది కరుగుతున్న రాయి. ఆ రోజు తెల్లగా, కొత్తగా కనబడుతుంది. తర్వాత గరుకుతేలిన ఆ పైభాగం నూనెను, కాళ్ల మట్టిని అంతకు ముందుకన్నా గట్టిగా పట్టుకుంటుంది. నల్ల కడప బండ అయితే బూడిద మరకలు తేలతాయి. మళ్లీ మెషిన్ పాలిష్ పెట్టిస్తే తప్ప పోవు. నిమ్మచెక్క, చింతపండు, వెనిగర్, టాయిలెట్ క్లీనర్, అన్నీ ఇదే పని చేస్తాయి, తేడా వేగంలోనే. వంటింట్లో చింతపండు రసం ఒలికితే అప్పటికప్పుడు తుడవాలన్నది అందుకే.

బండలకు మామూలు నీళ్లు, వారానికోసారి 5 లీటర్లకు అర టీస్పూను గిన్నెల లిక్విడ్, తర్వాత ఉత్త నీళ్లు. అంతే. మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. రెండు రోజులు నిగనిగలాడుతుంది, ఆపైన దుమ్మంతా దానికే అంటుకుంటుంది. దాని బదులు, బండ మీద ఒక చుక్క నీళ్లు వేసి 10 నిమిషాలు చూడండి. చుక్క కింద రాయి నల్లబడితే అది నీళ్లు పీలుస్తోంది, రాళ్లకు వాడే లోపలికి ఇంకే రకం సీలర్ వేయించుకోవచ్చు. బండ పూర్తిగా ఆరి ఉన్నప్పుడే వేయించాలి. లేకపోతే లోపలి తడి పైకి రాలేక తెల్లటి మచ్చలు కడుతుంది.

పొయ్యి ముందు నూనె ఒలికితే నీళ్లు తేవద్దు. శనగపిండి గానీ బియ్యప్పిండి గానీ చల్లి పావుగంట ఉంచి, పీల్చుకున్నాక ఎత్తేసి, అప్పుడు లిక్విడ్ నీళ్లతో తుడవండి. లోపలికి ఇంకిన పాత నూనె మరకకు బేకింగ్ సోడా, కొంచెం గిన్నెల లిక్విడ్, నీళ్లు కలిపి దోసెపిండి కన్నా గట్టిగా ముద్ద చేసి, అర అంగుళం మందాన పెట్టి, ప్లాస్టిక్ కవర్ పరిచి అంచులు టేపుతో మూసి ఒక రోజు ఉంచండి. తీసి కడిగి ఆరనివ్వాలి. మరక పలుచబడితే ఇంకోసారి పెట్టాలి, ఒక్క దఫాలో పోవడం అరుదు. పసుపు మరకకు ఆ ముద్దను లిక్విడ్, నీళ్ల బదులు మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలపండి. ముదురు రంగు రాయి అయితే ముందు మూలన చూసుకోవాలి, కొద్దిగా వెలిసే అవకాశం ఉంది. సబ్బు, సోడా తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కంగారు పడకండి. కడిగేశాక ఎండ తగిలే చోటైతే మిగిలింది దానంతటదే వెలుస్తుంది.

జాయింట్లు నల్లబడితే బేకింగ్ సోడా ముద్ద, పాత టూత్ బ్రష్, 10 నిమిషాలు, తర్వాత కడగడం. వానాకాలంలో మెట్ల మీద పాచికి బ్లీచింగ్ పౌడర్ వాడతారు, బయట వరకు ఫరవాలేదు. కానీ బ్లీచింగ్ ఉన్నచోట యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ వెనిగర్ గానీ అస్సలు పడకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్‌రూమ్‌లో అయితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

గుడ్డ గురించి చాలామంది పట్టించుకోరు. పని అయ్యాక బకెట్ అంచున ముద్దలా వేలాడితే మర్నాడు ఆ ముక్క వాసనే ఇల్లంతా వస్తుంది, దాన్ని కప్పిపుచ్చడానికి ఫినాయిల్ పెరుగుతుంది. సబ్బుతో ఉతికి, ఎండలో పరిచి ఆరేయండి. మైక్రోఫైబర్ మాప్‌కు బ్లీచ్, బట్టలు మెత్తబడే కండిషనర్ వాడొద్దు. బ్లీచ్‌తో పోగులు పాడవుతాయి, కండిషనర్‌తో పోగులకు పూత పట్టి నీళ్లు పీల్చడం మానేస్తాయి. వంటింటి గుడ్డ వేరు, హాలు గుడ్డ వేరు, బాత్‌రూమ్ గుడ్డ మరీ వేరు.

ఇవన్నీ చేసి నాలుగైదు రోజులకే ముద్రలు మళ్లీ కనబడితే ముందు గుడ్డను చూడండి, తర్వాత మందు కొలత, ఆ తర్వాత నీళ్లు. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో కింది అంతస్తు ఇళ్లలో, ఏ తప్పూ లేకుండా నేల తడిగా తగలొచ్చు. చల్లటి నేల మీద తేమగాలి చేరి చెమర్చడం అది. అలాంటి రోజున తడిగుడ్డ మానేసి, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, పొడి మాప్ పెట్టండి.