డోర్లు విప్పకే బుజ్జీ

ట్రాయ్, మిషిగన్

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి పదకొండింటికి మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఇండియా ఫోన్ మోగితే నాకు ముందు కాళ్ళు చల్లబడతాయి. తీసేసరికి, "అన్నయ్యా, అది తుక్కు కారు కొనుక్కుందట. దానికి ఇంజను కూడా మారుస్తుందట. సంబంధంవాళ్ళు అడిగితే ఏం చెప్పను? ఈ బుద్ధులన్నీ నీ దగ్గరే నేర్చుకుంది" అని వాయించేసింది. ఏం కారే అంటే, "ఏదో జెడ్ అంట, నారింజ రంగుది" అంది. నాకు నవ్వాగలేదు. మీ అత్తయ్య లేచి కూర్చుని ఎవరికేమైందని కంగారు పడింది.

ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నీ ఫొటోలు మళ్ళీ తెరిచాను. 1972 డాట్సన్ 240జెడ్, నిస్సాన్ వాళ్ళ స్పోర్ట్స్ కారు. మనింట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందంటే ఛాతీ ఉబ్బింది, దాచడమెందుకు. కానీ ఆరో ఫొటోలో వెనక చక్రానికి ముందు, డోరు కింద మూలలో, రంగు బుడిపెలుగా లేచి ఉంది. పెద్దది చేసి చూశాను. అక్కడ రేకు లేదమ్మా, పుట్టీ ఉంది. కొత్త రంగు చూసి మురిసిపోయావు కదూ! ఒహాయో రోడ్లమీద యాభై శీతాకాలాల ఉప్పు తిన్న కారు అది.

ఒక అయస్కాంతం, ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకుని కిందికి పాకు. బ్యాటరీ ట్రే కింద చూడు, ఆసిడ్ కారి అక్కడ తినేస్తుంది. అద్దం ముందున్న కౌల్ లోపల చూడు, నీళ్ళు అక్కడ నిలుస్తాయి. ఫ్లోర్, దాని కింద దూలాల్లా పొడుగునా ఉండే రైళ్ళు, డోర్ల కింద అంచులైన రాకర్ ప్యానెళ్ళు. అయస్కాంతం అతుక్కోని ప్రతిచోటా సున్నా చుట్టు. ఎన్ని సున్నాలు వచ్చినా ఏడవకు, నాకు ఫొటో తీసి పంపు.

నీ లిస్టు కూడా చదివాను. ఇంకా పెద్ద ఎల్28 ఇంజను, ఐదు గేర్ల బాక్సు, మూడు వెబర్ కార్బొరేటర్లు, ఎత్తు మార్చుకునే కాయిలోవర్ స్ప్రింగులు, చక్రాల మీద వెడల్పు అంచులు, అవే ఫెండర్ ఫ్లేర్లు. కింద "ఆరు నెలలు" అని రాశావు. 1990లలో నిస్సాన్ కంపెనీవాళ్ళే పాత 240జెడ్‌లు తెచ్చి, రిస్టోర్ చేయించి, 24,950 డాలర్లకు అమ్మారు. అంత కంపెనీ, వాళ్ళ సొంత కారు, వాళ్ళ సొంత పార్టులు. అయినా కొన్ని డజన్ల కార్లతో ఆ పని ఆగిపోయింది. నువ్వేమో ఉద్యోగం చేస్తూ, శనివారం పూట, సంక్రాంతికల్లా అవగొట్టేస్తావు!

అసలు ఆ కారు ఇంజనులో తప్పేముందే? 2,393 సీసీల ఆరు సిలిండర్లు, బ్లాకు మొండిఘటం. 1970లో 3,526 డాలర్లకు ఇలాంటి ఇంజనూ, నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షనూ ఇస్తే అమెరికా వాళ్ళు వెయిటింగ్ లిస్టుల్లో నిలబడ్డారు. జపాన్‌లో ఆ కారు పేరు ఫెయిర్‌లేడీ. ఆ పేరుతో ఇక్కడ స్పోర్ట్స్ కారు అమ్ముడవదని పట్టుబట్టి మార్పించింది కతయామా గారు, అప్పట్లో ఇక్కడి నిస్సాన్ పెద్ద. నూటఅయిదేళ్ళు బతికాడు మహానుభావుడు. నీ 72 మోడల్‌కు వచ్చే రెండు హిటాచీ కార్బొరేటర్లు బంగారం లాంటివి. 73లో మార్చిన వాటినే జనం తిట్టుకుని పీకేసి, మళ్ళీ నీ దగ్గరున్న లాంటివి వెతుక్కుని పెట్టుకున్నారు. ఒక ఏడాది వాటితో నడుపు. వెబర్లు ఎక్కడికీ పోవు.

ముందు బ్రేకులు. మాస్టర్ సిలిండర్, హోసులు, వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి. టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కాలిపర్లు ముందు చక్రాలకు పడతాయి, అదీ చేసుకో. ఆపడం వచ్చాక పరుగు సంగతి మాట్లాడదాం.

హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ పక్క స్విచ్ గుండానే పోతుంది, ఆ భారం మోసే విడి స్విచ్‌లు, అంటే రిలేలు, లేవు. స్విచ్ వేడెక్కి కరుగుతుంది, ఫ్యూజ్ బాక్సూ అంతే. రిలేలు పెట్టు, ఒక్క సాయంత్రం పని. వెనక సస్పెన్షన్‌లో బిగుసుకుపోయే స్పిండిల్ పిన్నులు మాత్రం నిన్ను ఏడిపిస్తాయి. ఒక్కో పిన్నుకు నాకు రెండేసి శని, ఆదివారాలు పట్టాయి. నట్టు మరమీద ఉంచకుండా సుత్తితో కొట్టావంటే మర పువ్వులా విచ్చుకుంటుంది, ఇక ఆ పిన్ను ఆ జన్మలో రాదు. రాకపోతే వదిలెయ్, నేనొచ్చాక చూద్దాం.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. గరాజ్ తలుపు తెరిచి పనిచెయ్యి. చలి వేస్తే కోటు వేసుకో.

నేను 1985లో ఇలాంటి కారే, 71 మోడల్, 900 డాలర్లకు కొన్నాను. డెట్రాయిట్ చుట్టుపక్కల అప్పుడు జపాన్ కారుందని చెప్పుకోవడానికి భయం. ఉద్యోగాలు పోయినవాళ్ళు వీధికి ఇద్దరు, వాళ్ళ కోపమంతా జపాన్ కార్ల మీద. 1982లో ఇక్కడే, హైలాండ్ పార్క్‌లో, విన్సెంట్ చిన్ అనే ఇరవై ఏడేళ్ళ చైనీస్ అమెరికన్ కుర్రాణ్ణి ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. అతనికి పెళ్ళి కుదిరి ఉంది. కోర్టు వాళ్ళను ప్రొబేషన్‌తో, 3,000 డాలర్ల జరిమానాతో వదిలేసింది. మా ఆఫీసు కాంటీన్‌లో ఆ సంగతి వినీవిననట్టు టిఫిన్ బాక్సు తెరుచుకున్న రోజు నాకింకా గుర్తే. అందుకే ఆ కారును ఎవరికంటా పడనీయకుండా తలుపు మూసుకుని పనిచేసేవాణ్ణి. ఒక జనవరి రాత్రి తలుపు మూసే ఇంజను స్టార్ట్ చేసి కార్బొరేటర్లు సరిచేస్తూ కూర్చున్నా. తలనొప్పి మొదలైంది, జలుబనుకున్నా. మీ అత్తయ్య అన్నం తినమని పిలవడానికి వచ్చి తలుపు తీసింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా.

నీకు ఆ భయాలు లేవు, తలుపు బార్లా తీసుకో. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి గరాజ్‌లో, ఒకటి ఇంట్లోకి వచ్చే తలుపు దగ్గర పెట్టు. గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటే పెట్రోలు ట్యాంకు అక్కడ విప్పకు. పెట్రోలు ఆవిరి నేలమీద పాకుతూ మంట దగ్గరికి దానంతటదే వెళుతుంది. ఈ కార్లలో వెనక ప్యానెల్ చాటున ట్యాంకు వెంట్ గొట్టాలుంటాయి, యాభై ఏళ్ళ రబ్బరు, పగిలే ఉంటాయి. వెనక డిక్కీ సీలు, టెయిల్ లైట్ల గాస్కెట్లు పోతే సైలెన్సర్ పొగ కారులోకే వస్తుంది. ఇవన్నీ వెబర్లకంటే ముందు కొను. ఇంకోటి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుమీద వెల్డింగ్ చెయ్యకు. ఆ వేడికి ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన గ్యాసు అది. డబ్బా మీద చిన్న అక్షరాలు చదువు.

సరే. అసలు చెప్పాల్సింది డోర్ల గురించి.

1987 ఆగస్టులో మీ తాతయ్య మొదటిసారి అమెరికా వస్తున్నాడని టికెట్టు వేశాం. ఆర్టీసీలో మెకానిక్‌గా ఇరవై ఎనిమిదేళ్ళు, గుంటూరు డిపో. జీవితమంతా బస్సుల కింద పడుకున్న మనిషి. ఎయిర్‌పోర్ట్‌కి ఆ జెడ్ వేసుకెళ్ళి, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకురావాలని నా పంతం. ఫ్లోర్ రెండు వైపులా పోయింది, రాకర్లూ పోయాయి. చేతిలో ఏడు వారాలు.

తొందర. ముందు రెండు, వెనక రెండు జాక్ స్టాండ్లు వేసి కారు ఎత్తాను. దూరి పనిచేయడానికి అడ్డమని రెండు డోర్లూ విప్పి గోడకు ఆనించాను. ఇంజను ముందు అలాగే వేలాడుతోంది. డ్రైవర్ వైపు ఫ్లోర్, కింద రైలు, రాకర్ లోపలి రేకు, మూడూ ఒకే శనివారం కోసి పారేశాను. కొత్త రేకు వెల్డింగ్ చేశాను, గ్రైండ్ చేశాను, ప్రైమర్ కొట్టాను. వెల్డింగ్ ముచ్చటగా వచ్చింది కూడా. ఆదివారం మీ అత్తయ్యను పిలిచి డోరు పట్టుకోమని బిగించాను.

డోరు పడలేదు. హింజిలు అటూ ఇటూ జరిపాను, సన్న రేకులు పెట్టాను. వెనక అంచు దగ్గర పైన పోస్టుకార్డు దూరదు, కింద నా వేలు దూరుతోంది. ఫ్లోరూ రాకరూ లేనంతసేపూ కారు మధ్యలో కుంగింది. ఆ కుంగిన బాడీకి నేను చక్కగా, గట్టిగా, ఎప్పటికీ ఊడకుండా వెల్డింగ్ వేశాను.

తాతయ్యను అద్దె కారులో తెచ్చాను. మర్నాడు తెల్లారి టైము తేడావల్ల నిద్రపట్టక, లుంగీ కట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళాడు. నేను లేచి చూసేసరికి డోరు సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి రాస్తున్నాడు. తర్వాత టార్చి తీసుకుని కింద పడుకున్నాడు.

"ఛాసిస్ ఏదిరా?"

"దీనికి ఛాసిస్ ఉండదు నాన్నా. బాడీయే ఛాసిస్."

కిందనుంచి చాలాసేపు మాట రాలేదు. ఆయన చూసిన బస్సులన్నిటికీ ఛాసిస్ ఒకటి, దానిమీద కట్టిన బాడీ ఒకటి. బాడీ మొత్తం పీకేసినా ఛాసిస్ నిలబడుతుంది.

"అయితే నువ్వు నడుం కోశావురా" అన్నాడు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. మధ్యాహ్నం తన పెట్టెలోంచి ఫీలర్ గేజ్ తీశాడు, సన్న సందులు కొలిచే ఉక్కు ఆకుల కట్ట. పంచెల మధ్య చుట్టుకుని అమెరికా దాకా తెచ్చుకున్నాడు, చూడు! ఇంజను వేడెక్కించి, ఇన్‌టేక్ వాల్వులకు 0.25 మిల్లీమీటర్ల సందు, ఎగ్జాస్ట్ వాల్వులకు 0.30, పన్నెండు టాపెట్లూ వరసగా సెట్ చేశాడు. ప్రతిదానికీ నట్టు బిగించాక ఆకు మళ్ళీ పెట్టి లాగి చూసేవాడు, బిగింపులో మారుతుందని. తర్వాత ఆ స్టాండ్ల మీదున్న కారులోనే డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. ఇంజను గడియారంలా తిరిగింది. తలుపు తీసే ఉంది, ఆ రోజు ఆయన మూయనివ్వలేదు. కాసేపు యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చున్నాడు, ఎక్కడికీ పోని కారులో.

మళ్ళీ కోసి సరిచేసే ధైర్యం నాకు లేకపోయింది. రెండేళ్ళు అలాగే ఉంచి పార్టులకు అమ్మేశాను. తాతయ్య 1994లో పోయాడు. ఆయన్ని నువ్వు చూడలేదు. నీ పొడుగాటి వేళ్ళు ఆయనవే.

కాబట్టి డోర్లు విప్పకు. అవే నీ స్కేలు. ఏదైనా కోసేముందు అంగుళం చదరపు ఇనప గొట్టం తెచ్చి, డోరు సందు రెండు వైపులా అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి వెల్డింగ్ చేయించు. డోరు మూసుకునేలా గొట్టాలు లోపలి వైపుకు రావాలి. ఇంజను బరువు దించు. మూల నుంచి మూలకు టేపు పెట్టి కొలిచి గోడమీద రాయి. ఒక వైపు, ఒక ముక్క. అది అతికించాకే ఇంకో ముక్క. ముందు చుక్కలు చుక్కలుగా టాక్ వేసి, డోరు మూసి చూసి, సరిగ్గా పడితేనే పూర్తిగా వెల్డింగ్. పడకపోతే చుక్కలు విడగొట్టడం పది నిమిషాల పని.

వచ్చే శనివారం పొద్దున్నే బయల్దేరతాను, మూడున్నర గంటల దారి. నా వెల్డింగ్ మెషిన్ కారులో వేసుకొస్తున్నా. తాతయ్య ఫీలర్ గేజ్ ఇక నీ దగ్గర ఉండాలి, నూనెగుడ్డలో చుట్టి పెట్టాను. 0.25 ఆకు చివర కొంచెం వంకర ఉంటుంది, ఆయన చేతిలో ఉన్నప్పటిదే, సరిచెయ్యకు. అత్తయ్య గోంగూర పచ్చడి పంపిస్తోంది. నేను వచ్చేదాకా ఆ డోర్ల జోలికి వెళ్ళకు, మీ అమ్మకు నేను వస్తున్నట్టూ చెప్పకు.

మావయ్య