మెదడు మందులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘కొత్త మందు వచ్చిందట, వాడమంటారా?’ అని అడిగినవే. అందుకే ఈసారి పరిశోధనల్లో ఏం తేలింది, ఎవరి మీద తేలింది అన్న విషయానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. ఈ జవాబులు చదివి ఎవరూ సొంతంగా మందు మానకండి, పెంచకండి. ఇందులోంచి ప్రశ్నలు రాసుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు, స్కిజోఫ్రీనియా. మూడేళ్లలో రిస్పెరిడోన్, ఓలాంజపిన్ రెండూ వాడినా చెవిలో మాటలు వినబడటం తగ్గలేదు. డోపమిన్ జోలికి పోని కొత్త మందు అమెరికాలో వచ్చిందని మా మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. తెప్పించమంటారా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది జానోమెలిన్, ట్రోస్పియం కలిపిన మందు గురించి అయి ఉంటుంది. 2024 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. 1950లలో క్లోర్‌ప్రొమజైన్ వచ్చిన దగ్గర్నుంచి ఈ జబ్బుకు వాడిన మందులన్నీ ఏదో ఒక విధంగా, మెదడులో సందేశాలు మోసే డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీదే పనిచేశాయి. జానోమెలిన్ మాత్రం మెదడులోని మస్కరినిక్ అనే వేరే గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. నిజానికి ఇది పాత పదార్థమే. 1990లలో అల్జీమర్స్ కోసం పరీక్షించినప్పుడు రోగుల్లో భ్రమలు తగ్గాయి కానీ వాంతులు, విరేచనాలు, చెమటలు తట్టుకోలేక చాలామంది మధ్యలోనే మానేశారు. అవే గ్రాహకాలు పొట్టలో, పేగుల్లో, చెమట గ్రంథుల్లో కూడా ఉండటమే అందుకు కారణం. తర్వాత దానికి ట్రోస్పియం జోడించారు. మూత్రం ఆపుకోలేని వాళ్లకు ఇచ్చే ఈ మందు రక్తంలోంచి మెదడులోకి దాదాపు వెళ్లదు. అందువల్ల మెదడు బయట జానోమెలిన్‌ను అడ్డుకుంటుంది, లోపల దాని పనికి అడ్డు రాదు. ఇది చక్కని ఆలోచన, మెచ్చుకోవలసిందే.

ఇప్పుడు అంకెల సంగతి చూద్దాం. ప్రధాన పరీక్షల్లో ఒకదానిలో 252 మందిని ఆసుపత్రిలో ఉంచి 5 వారాలు చూశారు. లక్షణాల తీవ్రతను 30 నుంచి 210 వరకు ఉండే స్కేలు మీద కొలిచారు. మందు తీసుకున్న వాళ్లలో సగటున 21.2 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వాళ్లలో 11.6 తగ్గాయి. అంటే మందు వల్ల వచ్చిన తేడా 9.6. ఇది చెప్పుకోదగిన మేలే. కానీ ఇంతకు ముందు మందులకు లొంగని చరిత్ర ఉన్న వాళ్లను ఆ పరీక్షలోకి తీసుకోలేదు. అంటే మీ అబ్బాయి లాంటి వాళ్ల మీద ఏమవుతుందో అది చెప్పదు. పాత మందుతో పాటు అదనంగా దీన్ని ఇచ్చి చూసిన మరో పరీక్ష ఫలితం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అక్కడ వచ్చిన తేడా మందు వల్లే అని గణాంకాల ప్రకారం చెప్పగలిగేంత లేదు. కాబట్టి ఇప్పుడు లక్షలు పోసి దాన్ని తెప్పించుకోవద్దనే మా సలహా.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆ రెండు మందులూ సరిపడా మోతాదులో కనీసం ఆరేసి వారాలు నిజంగా కడుపులోకి వెళ్లాయా? మాత్ర నాలుక కింద పెట్టుకుని తర్వాత ఉమ్మేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఖాళీ స్ట్రిప్పులు లెక్క పెడితే సరిపోదు, మింగాక కాసేపు దగ్గర కూర్చోవాలి. మందు సరిగ్గా వాడినా తగ్గలేదంటే అడగవలసింది క్లోజపిన్ అనే మందు గురించి. మందులకు లొంగని 268 మంది మీద 1988లో అమెరికాలో అచ్చయిన ఆరు వారాల పరీక్షలో క్లోజపిన్‌తో 30 శాతం మందికి గుణం కనిపిస్తే, క్లోర్‌ప్రొమజైన్‌తో 4 శాతం మందికే కనిపించింది. ఇంత బలమైన ఆధారం ఉండి కూడా రక్తపరీక్షల భయంతో దీన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తుంటారు. మాకు బాధ కలిగించే విషయం ఇదే.

క్లోజపిన్‌ను 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. అరుదుగా ఇది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. ఆ ముప్పు మొదటి నెలల్లోనే ఎక్కువ కాబట్టి బ్రిటన్ పద్ధతిలో తొలి 18 వారాలు వారానికోసారి, ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి రక్తం చూస్తారు. ల్యాబ్ మొత్తం తెల్లకణాలు, శాతాలు మాత్రమే ఇస్తే మీరే లెక్క కట్టుకోవచ్చు. మొత్తం 6000, న్యూట్రోఫిల్స్ 55 శాతం అయితే 3300. అది 1500 కంటే కిందికి దిగితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. జ్వరం, గొంతు నొప్పి వస్తే తర్వాతి పరీక్ష తేదీ దాకా ఆగకుండా వెంటనే రక్తం ఇవ్వాలి. మొదటి నెలన్నరలో గుండె దడ, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే గుండె కండరం వాచిందేమో చూడాలి. మలబద్ధకాన్ని చిన్నచూపు చూడకండి. ఈ మందు పేగుల కదలికనే ఆపేయగలదు, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మూడు రోజులు విరేచనం కాకపోతే చెప్పాల్సిందే.

ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోండి. 48 గంటలకు మించి మందు ఆగిపోతే పాత మోతాదు ఒక్కసారిగా వేయకూడదు, మళ్లీ 12.5తో మొదలుపెట్టాలి. అబ్బాయికి బీడీ, సిగరెట్ అలవాటుంటే డాక్టరుకు ముందే చెప్పండి. పొగలోని పదార్థాలు కాలేయం ఈ మందును త్వరగా కరిగించేలా చేస్తాయి. పొగ హఠాత్తుగా మానేస్తే అదే మోతాదు మీద రక్తంలో మందు బాగా పెరిగి మత్తు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి మానే ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి.

ప్రశ్న: మా అక్క బైపోలార్ జబ్బుకు లిథియం వాడుతోంది. పోయినసారి రిపోర్టులో 0.7, ఈసారి 1.4 వచ్చింది. మోతాదు మార్చలేదు. ల్యాబ్ తప్పా?
– ఒక చెల్లెలు, తెనాలి

జవాబు: అక్కకు ఇప్పుడు వాంతులు, చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలడం ఏవైనా ఉంటే ఈ జవాబు చదవడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తర్వాతి మాత్ర వేయకండి. అవేవీ లేకపోయినా ఇవాళే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. ఆ తర్వాత మూడు చోట్ల వెతకండి.

మొదటిది సమయం. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. టిఫిను తిని, మాత్ర వేసుకుని వెళ్లి రక్తం ఇస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండోది ట్యూబు. రక్తం గడ్డకట్టకుండా వాడే కొన్ని ఆకుపచ్చ మూత ట్యూబుల్లో లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో తీస్తే ట్యూబులోని లిథియం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ‘లిథియం పరీక్షండీ, సీరం ట్యూబులో తీయండి’ అని రక్తం తీసే వాళ్లకు ముందే చెప్పండి.

మూడోది ఒంట్లో నిజంగానే పెరగడం. మూత్రపిండాలు లిథియంను సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే సోడియంను పట్టి ఉంచినట్టే లిథియంను కూడా పట్టి ఉంచుతాయి. ఎండాకాలం చెమటలు, విరేచనాలు, బీపీ కోసం ఒక్కసారిగా ఉప్పు మానేయడం ఇవన్నీ అంకెను పెంచుతాయి. మోకాళ్ల నొప్పికి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, బీపీకి ఇచ్చే టెల్మిసార్టన్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ ఫరవాలేదు. ఈ నెలలో కొత్తగా ఏ మాత్ర చేరిందో ఇంట్లో డబ్బా తెరిచి చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

దీర్ఘకాలం వాడేవాళ్లకు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. మోతాదు మార్చిన 5 నుంచి 7 రోజుల తర్వాతే అంకె నిలకడకు వస్తుంది, ముందే చూస్తే మోసపోతాం. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం కూడా చూడాలి.

ఈ కొలతలన్నీ చేదు అనుభవం నేర్పినవి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ పది మంది ఉన్మాద రోగులకు లిథియం ఇచ్చి ఆశ్చర్యకరమైన మెరుగుదల చూపించారు. కానీ ఆయన మొదటి రోగి ఆ మందు విషమించే మరణించాడు. అదే ఏడాది అమెరికాలో ఉప్పుకు బదులు లిథియం క్లోరైడ్ అమ్మితే అక్కడా ప్రాణాలు పోయాయి. రక్తంలో లిథియంను కొలిచి వాడటం 1950లలో మొదలయ్యాకే అది అందరికీ ఇవ్వగలిగిన మందు అయింది. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో చేసిన పరీక్ష దానికి గట్టి ఆధారం ఇచ్చింది. రక్తపరీక్ష లేకుండా లిథియం వాడటమంటే మందులో సగమే వాడటం.

ప్రశ్న: మా మామయ్యగారికి 68 ఏళ్లు, పార్కిన్సన్స్. సిండోపా 110 రోజుకు మూడు. వేసుకోగానే వికారం. అది మానేసి దూలగొండి గింజల పొడి వాడమని బంధువులు అంటున్నారు. అందులోనూ అదే మందు ఉంటుందట, నిజమేనా?
– ఒక కోడలు, అనంతపురం

జవాబు: నిజమే. సిండోపాలో ఉండే లెవోడోపా, అంటే మెదడులో డోపమిన్‌గా మారే మందు, దూలగొండి గింజల్లో సహజంగా ఉంటుంది. 2004లో లండన్‌లో 8 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో 30 గ్రాముల దూలగొండి మందు సుమారు 35 నిమిషాల్లో పనిచేయడం మొదలుపెడితే, మామూలు మాత్రలకు 69 నిమిషాలు పట్టింది. ప్రభావం కూడా సగటున 37 నిమిషాలు ఎక్కువసేపు నిలిచింది. ఆశ కలిగించే ఫలితమే. అయితే అది ఎనిమిది మందికి ఒక్కో విడత మోతాదు ఇచ్చి చూసిన పరీక్ష, పైగా అక్కడ లెవోడోపా ఎంతుందో కొలిచిన పొడి వాడారు. బజారు పొడిలో ఏ డబ్బాలో ఎంతుందో తెలియదు. 5 శాతం ఉందనుకుంటే 10 గ్రాముల్లో 500 మిల్లీగ్రాముల లెవోడోపా వెళ్తుంది. దాన్ని సిండోపాతో కలిపితే మాత్రలోని కార్బిడోపా ఈ లెవోడోపాను కూడా కాపాడి మెదడుకు చేరుస్తుంది. అప్పుడు ఒళ్లు మెలికలు తిరగడం, బీపీ పడిపోవడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. సిండోపా హఠాత్తుగా మానేయడం అంతకంటే ప్రమాదం. ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.

వికారానికి కారణం బహుశా మాత్రలోనే ఉంది. సిండోపా 110లో 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉంటాయి. లెవోడోపా దారిలోనే డోపమిన్‌గా మారి వాంతి తెప్పించకుండా ఆపేది కార్బిడోపా. దానికి సాధారణంగా రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు కావాలి. మామయ్యగారికి అందుతున్నది 30. లెవోడోపా 100, కార్బిడోపా 25 ఉండే మాత్రకు మారిస్తే అవే మూడు మాత్రలతో 75 అందుతుంది. డాక్టరును ఈ ఒక్క మాట అడగండి. వాంతికి మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్ మాత్రం వద్దు. అవి మెదడులోకి వెళ్లి డోపమిన్‌నే అడ్డుకుని వణుకు, బిగుతు పెంచుతాయి.

మాత్రను తిండికి అరగంట, ముప్పావుగంట ముందు వేయండి. మాంసకృత్తులు పేగుల్లోనూ మెదడు గుమ్మం దగ్గరా లెవోడోపాతో పోటీపడతాయి. పెసరట్టు తింటూ, పాలు తాగుతూ మాత్ర వేస్తే ‘ఇవాళ మందు పనిచేయలేదు’ అనిపించడం అందుకే. పరగడుపున మరీ వికారంగా ఉంటే ఒక బిస్కెట్టో, అరటిపండు ముక్కో ఫరవాలేదు. ఐరన్ మాత్రకు కనీసం రెండు గంటల ఎడం పెట్టండి.

ప్రశ్న: డిప్రెషన్ మందుల పరిశోధనలన్నీ కంపెనీలు వండినవే అంటున్నారు. మందులు మానేయాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మానేయకండి. మీరు విన్నదానిలో నిజం కొంత ఉంది. 2008లో అచ్చయిన ఒక విశ్లేషణ, 12 మందుల మీద ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 పరీక్షలను వెతికింది. సత్ఫలితం వచ్చిన 38లో 37 అచ్చయ్యాయి. ఫలితం రాని, సందేహంగా ఉన్న 36లో 22 అచ్చే కాలేదు, 11 మంచి ఫలితంలా రాసి అచ్చయ్యాయి. ఇది క్షమించరాని పని. అయితే దాచినవన్నీ కలిపి లెక్కేసినా మందులు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనే తేలింది, కాకపోతే అచ్చులో కనిపించినంత కాదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఆ మేలు విలువైనది. మానాలనుకుంటే వారాలు, నెలల మీద మెల్లగా తగ్గించాలి.

ప్రశ్న: నాన్నగారికి మతిమరుపు మొదటి దశ. హైదరాబాదులో ఒక ఆసుపత్రి వాళ్లు క్లినికల్ ట్రయల్‌లో చేరమంటున్నారు. చేర్చవచ్చా?
– ఒక కొడుకు, నల్గొండ

జవాబు: చేర్చవచ్చు, కొన్ని కాగితాలు చూశాక. మొదట సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే పట్టిక) నంబరు అడిగి, ఆ వెబ్‌సైటులో ట్రయల్ వివరాలు మీరే చదవండి. ఆ నమోదు 2009 నుంచి తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఉత్తుత్తి మాత్ర గుంపులో పడే అవకాశం ఎంత, ఇప్పుడు వాడుతున్న మందులు ఆపాలా, ట్రయల్ అయిపోయాక మందు దొరుకుతుందా అని అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టండి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఏ రోజైనా కారణం చెప్పకుండానే బయటకు రావచ్చు.

ఆశ ఎంత పెట్టుకోవచ్చో కూడా అడగండి. మెదడులో పేరుకునే అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌ను 1795 మంది మీద 18 నెలలు పరీక్షిస్తే, 18 పాయింట్ల స్కేలు మీద తేడా 0.45 వచ్చింది. జబ్బు కాస్త నెమ్మదించింది, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. ఆ మందు తీసుకున్న వాళ్లలో 12.6 శాతం మందికి ఎంఆర్‌ఐలో మెదడు వాపు కనిపించింది. చాలామందికి బయటికి లక్షణాలే లేవు, అందుకే స్కాన్లు ఎగ్గొట్టకూడదు. ఈ జాతి మందు అయితే ఏపీఓఈ జన్యు పరీక్ష చేస్తారో లేదో అడగండి. ఆ జన్యువులో ఈ4 అనే రకం రెండు ప్రతులు ఉన్నవాళ్లకు ఈ వాపు ముప్పు బాగా ఎక్కువ. రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే దాచకండి.

చేరాక ట్రయల్ కార్డు నాన్నగారి జేబులో ఎప్పుడూ ఉండాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం లాంటివి వచ్చి వేరే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకముందే ఆ కార్డు డ్యూటీ డాక్టరుకు చూపించండి. లెకానెమాబ్ వాడుతూ ఆ ఇంజెక్షన్ తీసుకున్న రోగి మెదడులో విపరీతంగా రక్తస్రావమై మరణించిన ఉదంతం వైద్య పత్రికల్లో నమోదై ఉంది.