లెక్కపెట్టిన గాలిని బయటికి వదలకు

చి. కార్తీక్‌కి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు వీడియోలూ చూశాను. గేరు మార్చినప్పుడల్లా వచ్చే ఆ "ప్ష్ష్" చప్పుడు నాకు వినిపించాలని నువ్వు పంపావు. చప్పుడు బాగానే ఉంది, కాదనను. నాకు మాత్రం ఆ చప్పుడు వెనకాలే సైలెన్సర్‌లోంచి వచ్చిన నల్లటి పొగ కనిపించింది. రెండో దాంట్లో నువ్వు స్టాప్ సైన్ దగ్గర క్లచ్ తొక్కగానే ఆర్‌పీఎం ముల్లు కిందికి జారి, ఇంజన్ ఆగిపోబోయి మళ్లీ పుంజుకుంది. ఇంజన్ పాడైందేమోనని టెన్షన్ పడకు. నీకు కారు అమ్మినాయన కంపెనీ బైపాస్ వాల్వ్ తీసేసి, గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ పెట్టాడు. ఆ గాలిని మళ్లీ లోపలికి తిప్పితే చాలు.

అసలు ఆ వాల్వ్ ఎందుకుందో ముందు చెప్తాను. నువ్వు యాక్సిలరేటర్ వదలగానే ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుంటుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో మాత్రం అప్పటికింకా నిమిషానికి లక్షకు అటూ ఇటూ తిరుగుతూ గాలి తోస్తూనే ఉంటుంది. ఆ గాలి వెనక్కి తిరిగి టర్బో రెక్కల మీదికి వస్తే దానికి మంచిది కాదు. అందుకని వాల్వ్ తెరుచుకుని ఒత్తిడి వదిలేస్తుంది. వదిలిన గాలి ఎక్కడికి పోవాలన్నదే మన గొడవ.

నీ 2013 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ పక్కనే ఉంటుంది. పెళ్లి భోజనాల దగ్గర గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్లని లెక్కపెట్టే మనిషి అనుకో. ఎంతమంది వచ్చారో అతను లోపలికి కబురు పంపుతాడు, వంటాయన, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ, ఆ లెక్క ప్రకారం అన్నం వండుతాడు. లోపలికొచ్చినవాళ్లు తినకుండా దొడ్డిదారిన వెళ్లిపోతే వండిందంతా మిగిలిపోతుంది కదా. నీ కారులో మిగిలేది పెట్రోలు. ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో పూర్తి ఒత్తిడితో గాలి తోస్తున్నప్పుడు, ఆ సెన్సర్ మీంచి సెకనుకి సుమారు రెండు వందల గ్రాముల గాలి పోతుంది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, దానికి కావాల్సింది మూడు నాలుగు గ్రాములు. అందుకే టర్బో ఇంకా లాగుతున్న గాలిలో కొంచెం బయటికి పోయినా, ఐడిల్‌కి వచ్చే ఇంజన్ పెట్రోల్లో మునిగిపోతుంది. గేర్లో ఉండి కాలు తీసినప్పుడు ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది కాబట్టి అప్పుడు నీకు తేడా తెలియదు. గేరు మార్చేటప్పుడూ, క్లచ్ తొక్కి ఆగేటప్పుడూ తెలుస్తుంది.

ఇది పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. 1998లో నేనొక సెకండ్‌హ్యాండ్ మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బో కొన్నాను. ఇల్లినాయ్‌లో నార్మల్ అనే ఊళ్లో తయారయ్యేది ఆ కారు. చప్పుడు కోసం నేనూ నీలాగే వాల్వ్ మార్చాను. ఒకరోజు వానలో లెఫ్ట్ తిరుగుతుంటే నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుంది, ఎదురుగా లారీ. మీ పెద్దమ్మ పక్క సీట్లో ఉంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ప్లగ్గులు విప్పి చూస్తే బొగ్గులా ఉన్నాయి. మిగిలిన పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలితే అది కూడా పోతుంది, దాని ఖరీదు నీకు తెలుసు.

ఇప్పుడు పని సంగతి. నన్నడిగితే కొత్తదేదీ కొనొద్దు. నీ కారుకి కంపెనీ బూస్టే ఉంది కాబట్టి కంపెనీ వాల్వే చాలు. మార్చేసినవాళ్లు తీసిన పాత వాల్వులు చవగ్గా దొరుకుతాయి. కొనేటప్పుడు సన్న గొట్టం తగిలించే మూతి దగ్గర నోరు పెట్టి గాలి పీల్చు, నాలుకతో మూసి పట్టుకో. ఆ పట్టు నిలవాలి. నిలవకపోతే లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, చిరిగినట్టే. ఇప్పుడున్న దాన్నే ఉంచుతానంటే, దానికి గాలి వెనక్కి పంపే మూతి బిగించే వీలుందో లేదో చూడు. సగం బయటికి, సగం లోపలికి వదిలే వాల్వులు కూడా అమ్ముతారు. వాటి జోలికి పోకు, పెళ్లివాళ్లలో సగంమంది వెళ్లిపోయినా అన్నం మిగిలేదే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టు. వాల్వ్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీద రెండు బోల్టులతో ఉంటుంది. పాత గ్యాస్కెట్ వాడకు. బోల్టులు బలంకొద్దీ బిగించకు, అల్యూమినియం మరలు తేలిగ్గా పోతాయి. వాల్వ్ నుంచి వచ్చే లావు గొట్టం టర్బో ఇన్‌లెట్ పైపుకి కలవాలి. కంపెనీవాళ్లు దానికోసం ఇచ్చిన మూతి అక్కడే ఉంటుంది. మీ కారాయన దానికి రబ్బరు టోపీ పెట్టి మూసుంటాడు. ఆ టోపీ వేడికి పగిలి, లెక్కలోకి రాని గాలి పీలుస్తూ ఉండొచ్చు. చెయ్యి అందకపోతే ఇంటర్‌కూలర్ విప్పి పక్కన పెట్టుకో, బద్ధకించకు.

కలిపే చోటు విషయంలోనే చాలామంది తప్పు చేస్తారు. గొట్టం సెన్సర్‌కీ టర్బోకీ మధ్యలో కలవాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి కలపడం తేలికని కొందరు అక్కడ కలిపేస్తారు. అలా చేస్తే దొడ్డిదారిన వెళ్లినవాళ్లు చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మంలోకే వస్తారు, ఒక్కడినే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. బయటికి వదిలినప్పటి కంటే ఏమీ మెరుగవదు. సెన్సర్‌కి మరీ దగ్గరగా కూడా వద్దు. గాలి విసురు వెనక్కి తగిలితే రీడింగు తప్పుతుంది. మూతి టర్బో వైపు వాలి ఉంటే మంచిది. నీ కారులో కంపెనీ మూతి సరైన చోటే ఉంది, దాన్నే వాడు.

గొట్టం పల్చటిది కొనకు. టర్బో లాగుతున్నప్పుడు ఇన్‌లెట్‌లో పీల్పు ఉంటుంది, పల్చటి గొట్టం నలిగి మూసుకుపోతుంది. ఇంజన్ కింది భాగం, క్రాంక్‌కేస్, నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కూడా ఆ దారిలోనే తిరుగుతుంది. మామూలు సిలికాన్ గొట్టం కొన్నాళ్లకి ఆయిల్ చెమర్చుతుంది. కంపెనీ రబ్బరు గొట్టం చూడ్డానికి బాగోకపోయినా నేను దాన్నే వేస్తాను.

సన్న గొట్టం థ్రాటిల్ తర్వాత, అంటే సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి తగలాలి. పొట్టిగా ఉండాలి. బూస్ట్ మీటరుకీ దానికీ టీ ఆకారపు జాయింట్ వేసి పంచకు.

స్ప్రింగ్ మార్చుకునే వాల్వ్ అయితే ఇంకో మాట. గాలి బయటికి వదిలే వాల్వ్‌లో స్ప్రింగ్ మెత్తగా ఉంటే ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ పీల్పుకే అది కొంచెం తెరుచుకుని, ఫిల్టర్ లేని గాలి, దుమ్ముతో సహా, లోపలికి వస్తుంది. ఈసారి అన్నం చాలదు. లోపలికి తిప్పిన వాల్వ్ ఐడిల్‌లో తెరుచుకున్నా నష్టం లేదు, ఆ గాలి లెక్కలో ఉన్నదే. కాబట్టి మెత్తటి స్ప్రింగే వేసుకో. గట్టిది వేస్తే కాలు కొంచెం తీసినప్పుడు వాల్వ్ తెరుచుకోక టర్బో "చుచుచు" అని కొట్టుకుంటుంది. కుర్రాళ్లకి ఆ చప్పుడూ ఇష్టమేనట!

బిగించాక లీక్ టెస్ట్ చెయ్యాలి. నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటుంది ఇక్కడ. మామూలుగా టర్బో ఇన్‌లెట్‌కి మూత పెట్టి, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ లాంటి దానితో పది పదిహేను పీఎస్‌ఐ గాలి కొట్టి, సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూస్తారు. గాలి లోపలికి తిప్పిన కారులో వాల్వ్‌కి రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటుంది కదా, వాల్వ్ కారుతున్నా ఈ టెస్ట్‌లో కనపడదు. అందుకని లావు గొట్టం విప్పి, ఇన్‌లెట్ మూతిని గట్టిగా మూసి, అప్పుడు గాలి కొట్టి వాల్వ్ నోటి దగ్గర చెయ్యి పెట్టి చూడు. తర్వాత మళ్లీ గొట్టం తగిలించి మొత్తం ఇంకోసారి. రెండు మూడు రోజులు నడిపాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్లాంపులు మరోసారి బిగించు.

ఇంతకు ముందాయన ఈసీయూ ట్యూన్, అంటే దానిలోని ప్రోగ్రాం, ఏమైనా మార్చాడేమో కనుక్కో. సెన్సర్ తీసేసి మ్యానిఫోల్డ్ ఒత్తిడి చూసి నడిచే స్పీడ్ డెన్సిటీ ట్యూన్ అయితే గాలి బయటికి వదిలినా లెక్క తప్పదు, అప్పుడు నీ నల్ల పొగకి కారణం వేరే వెతకాలి. వీడియోలో సెన్సర్ వైరు తగిలించే ఉన్నట్టు కనిపించింది, అయినా అడుగు.

మీ నాన్న కూడా ఫోన్లో అడిగాడు, గుంటూరులో తన డీజిల్ కారుకి ఇలాంటి చప్పుడు పెట్టించుకోవచ్చా అని. ఈ వయసులో వాడికిదేం పిచ్చో! డీజిల్ ఇంజన్‌ని పెట్రోలు దానిలా థ్రాటిల్ మూసి నడపరు, అందుకని గాలికి ఎదురు దెబ్బ ఉండదు, ఈ వాల్వ్ అవసరమే లేదు. నువ్వే చెప్పు వాడికి, నా మాట వినడు.

పనయ్యాక బ్యాటరీ నెగెటివ్ వైరు కాసేపు తీసి పెట్టి, మూడు నాలుగు రోజులు మామూలుగా నడుపు. ఆ తర్వాత స్కానర్ పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం సవరిస్తోందో చూపే అంకె, ఐడిల్‌లో ఒకసారి, అరవై మైళ్ల వేగంలో ఒకసారి చూడు. ప్లస్ అయినా మైనస్ అయినా ఐదు శాతం లోపుంటే సరే. పది దాటితే ఎక్కడో లీక్ ఉన్నట్టు, కారు వాడకుండా నాకు ఫోన్ చెయ్యి. ఏదైనా ఆ రెండు అంకెలూ నాకు పంపు.

ఇట్లు
పెద్దనాన్న
ట్రాయ్, మిషిగన్