పలకకూ 'ప్లత్త'కూ చుట్టరికం ఉందా?

సందేహం: మేం స్టాక్‌హోంలో ఉంటాం. ఇక్కడ నేలకు పరిచే బండనూ, ఇంటి కింద పోసే కాంక్రీటునూ 'ప్లత్త' అనే అంటారు. ఇది మన 'పలక'కు చుట్టమేనా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: పకార లకారాలు కనబడగానే చుట్టరికం కలిపేస్తే ఎలాగండీ! మన పలకను సంస్కృత 'ఫలకా'నికి తద్భవమంటారు. దాని దారి వేరు.

ప్లత్త స్వీడిష్‌లోకి ఉత్తర జర్మనీ మాటల నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్, ఆ వెనక గ్రీకు 'ప్లతుస్'. అంటే వెడల్పైన, చదునైన. ఈ ప్లతుస్‌కు సంస్కృతంలో తోబుట్టువు 'పృథు'. దాని స్త్రీలింగమే పృథ్వి, వెడల్పైనది. మీ వరండాలో పరిచిన బండా, దాని కింద భూమీ ఒకే ధాతువు బిడ్డలు! భాగవతం నాలుగో స్కంధంలో పృథు చక్రవర్తి వింటికొనతో కొండలను పిండిచేసి నేలను చదును చేస్తాడు. మొదటి ఫ్లోరింగ్ మేస్త్రి ఆయనే అంటాను నేను. మనం రోజూ వాడే ప్లేటు, ప్లాట్‌ఫారం కూడా ఈ ఇంటివే. ఇళ్ల స్థలం ప్లాటును మాత్రం ఈ పంక్తిలో కూర్చోబెట్టకండి.

పొయ్యి మీది వేడి పళ్లేనికీ, గ్రామఫోను రికార్డుకూ, చేతిలో పట్టే టాబ్లెట్‌కూ అక్కడ ఇదే మాట. మీ ఊళ్లో సెర్గెల్ చౌకులో నలుపు తెలుపు త్రికోణాలు పరిచిన దిగువ ఆవరణను 'ప్లత్తన్' అంటారు కదా, ఆ చివరి నకారానికి 'ఆ' అని అర్థం. ఆ బండ! గోడకు అంటించే మెరుగు బిళ్ల 'కాకెల్', నేలది 'క్లింకర్'. ఈ రెండోది డచ్చి మాట. కొడితే ఖంగుమంటుందని ఆ పేరు. కుండ కొనేటప్పుడు మనమూ వేలితో కొట్టి చూస్తాం.

ఇక తెలుగు. తాండూరు బండ, బేతంచర్ల బండ ఉన్న దేశంలో మాటకు కరువా? టైలు అన్నా తప్పుపట్టను. 'టైల్స్‌లు' అని బహువచనం మీద బహువచనం వేసే పత్రికల వాళ్లను చూస్తేనే నాకు బీపీ. నేలదైతే బండ, గోడదైతే పలక అనవచ్చు. ఇంటి కిందిదే చిక్కు. మనకు స్లాబు అంటే పైకప్పు. ప్లత్తను స్లాబు అని రాశారో, ఇల్లు తలకిందులే. మేస్త్రులు 'బెడ్డు' అంటారు. నాకంత రుచించదు గానీ, ప్రస్తుతానికి అదే వాడుకోండి.