ఆ ఇంట్లో కెమెరా ఎక్కడుంది?

పోయిన సంచికలో ఎవరో ‘మిమ్మల్ని నిజంగా భయపెట్టిన సినిమా ఏది’ అని అడిగితే ‘రాత్రి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దాంతో రాంగోపాల్ వర్మ దెయ్యాల సినిమాల మీద ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే. కొత్త పాఠకులకు ఒక మాట: నేను విమర్శకుణ్ణి కాదు. మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ సినిమాలకు ఎఫెక్ట్స్ చేసి బతికినవాణ్ణి. తెర మీద హీరో నడుస్తుంటే, చీకటి గదిలో మైకు ముందు చెప్పులేసుకుని నడిచేది మేమే. అందుకని నా జవాబులు కాస్త చెవి వైపే మొగ్గుతాయి.

ప్రశ్న: ‘రాత్రి’, ‘భూత్’ రెండూ ఒకటే కథ కదా? కొత్త ఇల్లు, ఆడమనిషికి దెయ్యం పట్టడం, చివర్లో మంత్రాలు. పదకొండేళ్ళ తర్వాత వర్మ తన సినిమానే మళ్ళీ తీసుకున్నాడని నేనంటాను. మా స్టాఫ్‌రూమ్‌లో ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?
– డిగ్రీ కాలేజీ లెక్చరర్, తెనాలి

జవాబు: కథ వరకు మీరే గెలిచారు మాస్టారూ. మెడ తిప్పి చంపడం దగ్గర్నుంచి అన్నీ కలుస్తాయి. కానీ ఆ కథని పక్కనపెట్టి, కెమెరా ఎక్కడుందో చూసుకుంటూ రెండూ మళ్ళీ చూడండి.

1992లో వచ్చిన ‘రాత్రి’లో దెయ్యం కంటే ముందు కెమెరాకే దెయ్యం పట్టింది. నేలకు జానెడు ఎత్తులో పాకుతూ వస్తుంది. రేవతి వెనకాల నడుస్తుంది. ఆమె ఆగితే ఆగుతుంది. అది ఎవరి చూపో మనకి చెప్పరు. పిల్లిదా, ఇంటిదా, చచ్చిపోయినవాళ్ళదా? చెప్పకపోవడమే అక్కడ కిటుకు. ఆ నడకకి కారణం స్టెడీక్యామ్. కెమెరామన్ ఒంటికి బెల్టులు కట్టి, స్ప్రింగుల చెయ్యి ఒకటి తగిలించి, దాని చివర కెమెరా పెడతారు. మనిషి పరిగెత్తినా బొమ్మ కుదుపుండదు. ‘శివ’లో దాన్ని పరుగుల కోసం వాడిన వర్మ, ఇక్కడికొచ్చేసరికి ఊరికే నడిపించాడు. పరుగు కంటే ఆ నింపాది నడకే ఎక్కువ భయపెట్టింది. కెమెరా పట్టింది తేజ, తర్వాత ప్రేమకథలు తీసి పేరు తెచ్చుకున్న ఆ తేజానే. రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, మణిశర్మ.

సినిమా హాలు సీను గుర్తుందా? రేవతి చూస్తుండగానే హాల్లో తనొక్కతే మిగులుతుంది. వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు. రక్తం లేదు, ముసుగులో మనిషి లేడు. జనం ఉండాల్సిన చోట జనం లేరు, అంతే. ఆ సినిమాని హాల్లో చూస్తున్నవాడు పక్క సీటు వైపు తిరిగి చూసుకోకుండా ఉండలేడు. ఇంత చవగ్గా ఇంత భయం పుట్టించిన సీను తెలుగులో నాకింకొకటి తోచడం లేదు.

ఇక 2003లో వచ్చిన ‘భూత్’. ఇది ముంబై అపార్టుమెంటు. పాత ఇల్లు కాదు, బూజు లేదు, గాజు తలుపులు, పెద్ద బాల్కనీ, లిఫ్టు, వాచ్‌మన్. అంతకుముందు ఆ ఫ్లాట్‌లో ఒకామె బాల్కనీ నుంచి పడి చనిపోయిందని అజయ్ దేవగణ్‌కి తెలుసు, పెళ్ళాం ఊర్మిళకి చెప్పడు. చూశారా, ‘రాత్రి’లో ఎవరికీ ఏమీ తెలియదు. ఇందులో మొగుడికి తెలుసు, మనకి తెలుసు, ఆమెకి తెలియదు. భయంలోకి ఒక అబద్ధం వచ్చి చేరింది. ఊర్మిళ రాత్రిపూట లేచి హాల్లోకి వస్తుంటే మనకి దెయ్యం మీద ఎంత భయమో, పడగ్గదిలో పడుకున్న ఆ మొగుడి మీద అంత కోపం. ఆ సినిమాలో పాటలు లేవు. హిందీలో, అంతమంది పేరున్న నటులతో, ఆ రోజుల్లో అది చిన్న తెగింపు కాదు.

రెండు సినిమాలూ పడిపోయేది ఒకే చోట: వివరించేవాళ్ళు వచ్చినప్పుడు. ‘రాత్రి’లో ఓం పురి, ‘భూత్’లో రేఖ. ఇద్దరూ గొప్ప నటులే. ఓం పురి గొంతు పెద్దది చేస్తాడు, రేఖ గొంతు తగ్గించి కళ్ళతో లాక్కొస్తుంది. నా ఓటు రేఖకే. కానీ ‘ఇది ఫలానా ఆత్మ, దానికి ఫలానా పగ’ అని తేల్చేశాక ఇంక భయపడడానికేం ఉంటుంది? పోలీసు కేసు మిగులుతుంది. ‘భూత్’లో నిజంగానే పోలీసు కేసు ఉంది, నానా పాటేకర్ వల్ల అది బాగానే నడిచింది కూడా.

ప్రశ్న: అంకుల్, ‘భూత్’ చూస్తే నాకు నవ్వొచ్చింది. మా అమ్మా నాన్నా అది చూసి నెల రోజులు లైటు వేసుకుని పడుకున్నారట. మా తరం ధైర్యవంతులమా?
– బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫోన్లో చూశావు కదూ బాబూ?

‘భూత్’ వచ్చేనాటికి మన హాళ్ళలో డిజిటల్ సౌండ్ పెట్టేశారు. అడుగుల చప్పుడు వెనక గోడ నుంచి మొదలుపెట్టి నీ కుడి చెవి పక్కకి తేవచ్చు. ఆ సినిమా సౌండ్ డిజైన్ చేసిన ద్వారక్ వారియర్ చేసిన పనంతా నీ ఫోను స్పీకర్‌లో ఒక పావలా బిళ్ళంత రంధ్రంలోంచి రావాలి. ఇక ఎక్కడ భయపడతావు?

మా కాలంలో అంతా మోనో. ఉన్నది తెర వెనక స్పీకరే. కాబట్టి దిక్కు మార్చి భయపెట్టే వీలు లేదు, నిశ్శబ్దంతోనే భయపెట్టాలి. మెడ విరిగే చప్పుడుకి మేం ములక్కాడలు వాడేవాళ్ళం. లేతవి పనికిరావు, ముదురువి కావాలి. తడిగుడ్డలో చుట్టి మైకుకి దగ్గరగా విరవాలి, లేకపోతే వంటింటి చప్పుడులా వస్తుంది. అసలు కష్టం విరవడం కాదు. విరిచే ముందు రెండు సెకన్లు ఏ చప్పుడూ లేకుండా వదిలెయ్యమని రీరికార్డింగ్ వాళ్ళని బతిమాలుకోవడం. వాళ్ళేమో వయొలిన్లతో నింపేసేవాళ్ళు. తర్వాతి వర్మ సినిమాల్లో కూడా ఇదే జబ్బు. తలుపు తెరిస్తే ఢాం, పిల్లి దూకితే ఢాం, ఆఖరికి పనిమనిషి వెనక్కి తిరిగినా ఢాం. ఉలికిపాటు వేరు, భయం వేరు. టపాకాయ పేలినా ఉలిక్కిపడతాం.

రాత్రి పదకొండుకి హాస్టల్ గదిలో లైటార్పి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కడివే చూసి మళ్ళీ రాయి.

ప్రశ్న: మీరు దెయ్యాలను నమ్ముతారా?
– పేరు రాయలేదు, కడప

జవాబు: పేరు రాయకుండా ఉత్తరాలు వస్తున్నప్పుడల్లా కొంచెం నమ్మాలనిపిస్తుంది.

ప్రశ్న: ‘కౌన్’ దెయ్యం సినిమాయా కాదా? యూట్యూబ్‌లో హారర్ అని ఉంది. చివరిదాకా చూసినా దెయ్యం రాలేదు.
– గృహిణి, ఖమ్మం

జవాబు: రాదమ్మా. అయినా వర్మ తీసిన భయం సినిమాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. 1999లో వచ్చింది, రాసింది అనురాగ్ కశ్యప్. ఒకే ఇల్లు, బయట వాన, లోపల ఊర్మిళ, టీవీలో హంతకుడి వార్త. బెల్లు మోగుతుంది. మనోజ్ బాజ్‌పాయ్ వచ్చి మల్హోత్రా గారి ఇల్లు ఇదేనా అంటాడు. కాదంటుంది. పోడు.

ఆ తలుపు దగ్గర వర్మ ఎంతసేపు కూర్చున్నాడో గమనించారా? కథ అంగుళం కదలదు. అతను మళ్ళీ బెల్లు కొడతాడు, మళ్ళీ అదే అడుగుతాడు, నవ్వుతాడు, మర్యాదగా విసిగిస్తాడు. ఆమె తలుపు సందులోంచి, కిటికీలోంచి చూస్తుంది. ఒంటరిగా ఇంట్లో ఉన్నప్పుడు గ్యాస్ అనో, సర్వే అనో, కొరియర్ అనో ఎవడో వచ్చి తలుపు దగ్గర అవసరానికి మించి నిలబడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ భయానికి మంత్రగాడు లేడు, విభూతి లేదు. అందుకే ఈ సినిమా చివర్లో పడిపోలేదు. ఆ చివర ఏమిటో చూడనివాళ్ళ కోసం నేను రాయను. ఒక్కటి చెబుతాను: మొత్తం తెలిశాక మొదటి అరగంట మళ్ళీ పెట్టి, ఈసారి ఊర్మిళ చేతుల్ని మాత్రమే చూడండి.

ప్రశ్న: ‘దెయ్యం’ (1996) గురించి ఎవరూ మాట్లాడరేం? జేడీ, మహేశ్వరి, జయసుధ ఉన్నారు కదా.
– ఆర్టీసీ ఉద్యోగి, నెల్లూరు

జవాబు: జయసుధ ఉంది కాబట్టే గుర్తుంచుకోవాలి. సహజనటి అని మనం పేరు పెట్టి, అక్కగా వదినగా ఇంట్లో మనిషిని చేసుకున్న ముఖం అది. ఆ ముఖాన్ని తెచ్చి దెయ్యాల సినిమాలో పెట్టడం మంచి దొంగదెబ్బ. మిగతా సినిమాలో అరుపులెక్కువ. ‘రాత్రి’లో దాచిందంతా ఇందులో బయటపెట్టేశాడనిపిస్తుంది.

ప్రశ్న: ‘ఫూంక్’ చూసి మా అత్తగారు చేతబడి నిజమే అంటున్నారు. సినిమాలో నమ్మనివాడే చివరికి ఓడిపోయాడు కదా అని వాదన. ఏం చెప్పాలి?
– అంగన్‌వాడీ టీచర్, మెదక్ జిల్లా

జవాబు: 2008లో ఈ సినిమా వచ్చినప్పుడు, హాల్లో ఒంటరిగా కూర్చుని చూసినవాళ్ళకి ఐదు లక్షలిస్తానని వర్మ ప్రకటించాడు. అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు, మీరడిగిన మాట ఎవరూ అడగలేదు. కన్నడ నటుడు సుదీప్ వేసిన పాత్ర దేవుణ్ణి నమ్మని ఇంజనీరు. ఉద్యోగంలోంచి తీసేసిన ఒకామె పగబట్టి అతని కూతురికి చేతబడి చేయిస్తుంది. డాక్టర్ల వల్ల కాదు, మంత్రం వల్లే అవుతుంది. అంటే సినిమా పక్షం తీసుకుంది.

‘రాత్రి’లోనూ మంత్రగాడే గెలిచాడు కదా అంటారేమో. అక్కడ శత్రువు చచ్చిపోయిన మనిషి. చచ్చినవాళ్ళ మీదికి ఊళ్ళోవాళ్ళు కర్రలు పట్టుకుని పోరు. ఇక్కడ శత్రువు బతికున్న ఆడమనిషి. మీ జిల్లాలో బాణామతి, అంటే చేతబడి, పేరు చెప్పి మనుషుల్ని చెట్లకి కట్టి కొట్టడం, పళ్ళు పీకడం, చంపడం కూడా జరిగాయి. ఆ మాట మీకంటే ఎవరికి బాగా తెలుసు? మీ అత్తగారితో సినిమా గురించి వాదించకండి. ఆమెకి తెలిసిన ఒక పేరు చెప్పమనండి, బాణామతి చేస్తుందని ఊళ్ళో అనిపించుకున్న ఒకామె పేరు. ఆమెకి తర్వాత ఏమైందో కూడా చెప్పమనండి.

శైలి సంగతికొస్తే, ‘ఫూంక్’ ఇంట్లో వర్మ కెమెరాని బొమ్మల వెనక, విగ్రహాల వెనక, ఎక్కడ సందుంటే అక్కడ దూర్చాడు. ‘రాత్రి’లో కెమెరా నేల మీద ఉందంటే దానికి అర్థం ఉంది. కెమెరా అన్ని చోట్లా ఉంటే ఎక్కడా లేనట్టే. కాకి మాత్రం బాగా చేసింది.

ప్రశ్న: మా ఇంటికి బేస్‌మెంట్ ఉంది. ‘రాత్రి’ చూశాక లాండ్రీకి కిందికి దిగాలంటే భయం. మా ఆయన నవ్వుతున్నారు.
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఆయన్నే దింపండి, లాండ్రీ ఆయనకీ అలవాటవుతుంది.

మీ ఉత్తరం వల్ల ఒక సంగతి తట్టింది. మన ఊళ్ళలో నేలమాళిగ ఉన్న ఇళ్ళెన్ని? ‘రాత్రి’లో ఇంటి కింద గది మన ఇళ్ళలోంచి వచ్చింది కాదు, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన వర్మ చూసిన ఇంగ్లీషు సినిమాల్లోంచి వచ్చింది. 1973 నాటి ‘ఎగ్జార్సిస్ట్’ మీద తన పిచ్చిని ఆయన దాచుకోలేదు కూడా. ‘భూత్’కి వచ్చేసరికి ఆ గదిని వదిలి లిఫ్టు పట్టుకున్నాడు. మనకి నిజంగా ఉన్న భయం అది.

ప్రశ్న: తర్వాత ఏమైంది సార్? ‘అడవి’, ‘భూత్ రిటర్న్స్’, ‘ఐస్‌క్రీమ్’ అన్నీ చూశాను. ఎందుకు ఆకట్టుకోలేదు?
– షార్ట్ ఫిలిం దర్శకుడు, వరంగల్

జవాబు: ‘అడవి’ని (2009) మిగతా వాటితో కలపొద్దు. షూటింగుకి అడవికెళ్ళిన యూనిట్‌ని ఏదో చంపుతుంది, అదేమిటో చివరిదాకా చూపించడు. జనం హాల్లో తిట్టుకున్నారు. నాకు మాత్రం చూపించకపోవడం నచ్చింది, కానీ ఆ మనుషులు బతికితే ఏం, చస్తే ఏం అనిపించడం నచ్చలేదు. ‘రాత్రి’లో రేవతికి ఇల్లూ వాకిలీ, అమ్మా నాన్నా, స్నేహితురాలూ ఉన్నారు. వీళ్ళకి ఏముంది?

2012 ‘భూత్ రిటర్న్స్’కి త్రీడీ, 2014 ‘ఐస్‌క్రీమ్’కి ఫ్లోక్యామ్, అంటే స్టెడీక్యామ్‌లాగే కెమెరాని కుదుపు లేకుండా నడిపించే పరికరం. రెండిట్లోనూ ముందు పరికరం దొరికింది, తర్వాత భయం కోసం వెతుక్కున్నారు. ‘ఐస్‌క్రీమ్’లో నవదీప్, తేజస్వి ఒకే ఇంట్లో. ‘కౌన్’ లెక్కే. కానీ తలుపు అవతల అడిగేవాడు లేడు, ఇవతల దాచేది లేదు. కెమెరా మెట్లెక్కి దిగుతుంది, అది ఎవరి నడకో సినిమాకే పట్టలేదు.

నువ్వు షార్ట్ ఫిలిం తీస్తున్నావు కాబట్టి ఒకటి చెబుతాను. ఆ అద్దె కెమెరా ఒక పూట తగ్గించుకుని, ఆ డబ్బుతో ఒక సౌండ్ మనిషిని పెట్టుకో. షాట్ పెట్టే ముందు ‘ఇక్కడినుంచి చూస్తున్నదెవరు’ అని అసిస్టెంటుని అడగమను. నీ దగ్గర జవాబు లేకపోతే ట్రైపాడ్ తీసి ఇంకో చోట పెట్టు.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్ళు. ‘రాత్రి’ చూపించమని గొడవ. చూపించమంటారా?
– బ్యాంకు ఉద్యోగిని, విజయనగరం

జవాబు: వద్దు. కారు కింద పిల్లిపిల్ల పడే సీనుంది. దెయ్యాన్ని మర్చిపోతాడు, దాన్ని మర్చిపోడు. పన్నెండు దాటాక, మీరు పక్కన కూర్చుని, పగలు చూపించండి.