పాతకారు క్లినిక్: వంతెన ఎక్కేసరికి లాగదేం?

ప్రశ్న: మాది 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3, 1489 సి.సి. పెట్రోల్ ఇంజినండి. పోయినేడు పాత కార్బొరేటర్ తీసేసి రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బొరేటర్లు పెట్టించాం. కాయిల్ కరెంటుని తెంచి కలిపే పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు, పాత డయాఫ్రం పంపు బదులు కరెంటు పంపు, కోన్ ఫిల్టర్లు వేయించాం. ఐడ్లింగ్ బాగుంది, ఊళ్లో బాగానే తిరుగుతుంది. జొన్నాడ వైపు నుంచి గౌతమి వంతెన ఎక్కేటప్పుడు మాత్రం టాప్ గేర్లో 60 దగ్గర ఎవరో వెనక్కి పట్టి లాగినట్టవుతోంది. కార్బొరేటర్లోంచి టప్‌టప్‌మని కొడుతోంది. చోక్ సగం లాగితే కాస్త నయం. జెట్టు నట్లు తిప్పించీ తిప్పించీ విసిగిపోయామండి.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: చోక్ లాగితే నయమవుతోందని రాశారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. ఎస్‌యూలో చోక్ లాగడమంటే జెట్టు (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) కిందికి దిగడం, అంటే పెట్రోల్ ఎక్కువ రావడం. మీ ఇంజిన్‌కి బరువు మీద పెట్రోల్ చాలడం లేదు. అయితే కార్బొరేటర్లోంచి ఎదురు కొట్టడానికి ఇన్‌లెట్ వాల్వు సరిగా మూసుకోకపోవడం కూడా కారణం కావచ్చు. అందుకని కొత్త సామాను జోలికి పోకముందు పాత ఇంజిన్ ఆరోగ్యం చూడాలి. ఈ పని వదిలేసి జెట్లు తిప్పే షెడ్లే ఎక్కువ.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసేయండి. పంపు వైరు, కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజి పెట్టి ఐదారు సార్లు తిరిగేలా సెల్ఫ్ కొట్టండి. అంకె ఎంతన్నదాని కన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఏదైనా 10 శాతానికి మించి తగ్గితే ఆ సిలిండర్లో ఒక టీస్పూను ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్క రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

తర్వాత టప్పెట్లు. వాల్వు కొసకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాపు 0.38 మిల్లీమీటర్లు, అంటే 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). తొమ్మిది లెక్క గుర్తుంటే తప్పు పోదు: 8వ వాల్వు పూర్తిగా దిగినప్పుడు 1వది, 6వది దిగినప్పుడు 3వది సెట్ చేయాలి, ఇలా రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి. దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది 2000లో. ఈ హెడ్డులో వాల్వు సీటు విడిగా వేసింది కాదు, హెడ్డు ఇనుములోనే కోసింది. సీసం లేకపోతే ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు పైకి జారుతుంది, గ్యాపు మూసుకుపోతుంది. సెట్ చేసిన 2,000 కిలోమీటర్లకే ఎగ్జాస్ట్ గ్యాపులు బిగిసిపోతుంటే హెడ్డు దించి గట్టి సీట్లు వేయించడం తప్ప మార్గం లేదు.

ఇక కరెంటు వైపు. కిట్టు వేసినప్పుడు కాయిల్ మార్చారో లేదో మీరు రాయలేదు. మీటరు పెట్టి కాయిల్ ప్రైమరీ చూడండి. బ్యాలస్ట్ (కరెంటుని తగ్గించే రెసిస్టరు) లేని 12 వోల్టుల కాయిల్ అయితే 3 ఓమ్ల చుట్టూ చూపాలి. 1.5 ఓమ్ల కాయిల్‌ని నేరుగా 12 వోల్టులకి కలిపితే కాయిలూ, కిట్టులోని మాడ్యూలూ రెండూ కాగిపోతాయి. ప్లగ్గు వైర్లు రెసిస్టన్స్ ఉన్నవే వాడాలి, ఉత్త రాగి వైర్లు కొన్ని మాడ్యూళ్లని గజిబిజి చేస్తాయి. తర్వాత డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్): వాక్యూం గొట్టం తీసి మూసేసి, టైమింగ్ లైటు వేసి మెల్లగా రేసు ఇవ్వండి. గుర్తు నిదానంగా ముందుకు జరిగి, 3,000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 30 డిగ్రీల చుట్టూ ఆగాలి. రేసు వదిలితే మళ్లీ వెనక్కి రావాలి. జరక్కపోతే పాయింట్ల ప్లేటు కింద టైమింగుని ముందుకి జరిపే బరువులు తుప్పుకి పట్టేశాయని అర్థం. పాయింట్లు మార్చారు గానీ ఆ బరువులు ఎవరూ చూసి ఉండరు. మన ఉప్పుగాలికి ఇది మామూలే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు పెట్రోల్ దగ్గరికి రండి. తేల్చాల్సింది ఒకటే: పెట్రోల్ ఫ్లోట్ గిన్నె (కార్బొరేటర్లో పెట్రోల్ నిలిచేది) దాకా చేరడం లేదా, లేక చేరినా నీడిల్ (జెట్టులో ఆడుతూ పెట్రోల్‌ని కొలిచి వదిలే సూది) వదలడం లేదా?

ఇంజిన్ చల్లారాక, కార్బొరేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి, ఇంజిన్ నడపకుండా పంపు ఒక్కటే ఒక నిమిషం నడపండి. అర లీటరుకి తగ్గితే ఫిల్టరు, ట్యాంకులో జాలీ, పంపు వరసగా చూడాలి. దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు. ఇసుక బకెట్టు పక్కన పెట్టుకోండి. ట్యాంకు మూత తీస్తే ఉస్సుమని గాలి లోపలికి పోతుంటే మూతలో బెజ్జం పూడిపోయింది. పంపు ఇంజిన్ దగ్గర బిగించి ఉంటే ట్యాంకు పక్కకి, వీలైనంత కిందికి మార్పించండి. ఈ పంపులు బాగా తోస్తాయి గానీ పీల్చడం వాటికి చేతకాదు.

నిలబెట్టి చేసే పరీక్షలో వంతెన ఎక్కే బరువు ఉండదు. కాబట్టి పంపుకీ కార్బొరేటర్లకీ మధ్య టీ వేసి, చిన్న ప్రెషర్ గేజిని పెట్రోల్‌కి తట్టుకునే గొట్టంతో బయటికి తెచ్చి, అద్దం బయట వైపర్ దగ్గర గట్టిగా కట్టండి. కారు లోపలికి మాత్రం తేవద్దు. డెల్టాలో మనకి దొరికే ఎత్తు వంతెనే. తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు ఎక్కండి, పక్కన కూర్చున్నవాళ్లు గేజి చూడాలి. ముల్లు 2.5–3 పీఎస్ఐ దగ్గర నిలిచి ఉండగానే టప్‌టప్‌మంటే సరఫరాలో లోపం లేదు, నీడిల్‌దే తప్పు. ముల్లు పడిపోతుంటే సరఫరా చాలట్లేదు. 4 దాటుతుంటే గిన్నెలోకి పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ (ఇది వేరే సూది) ఆపలేక పొంగుతుంది, రెగ్యులేటర్ కావాలి.

మీరు రాసిన లక్షణాలను బట్టి మా అనుమానం నీడిల్ మీదే. జెట్టు నట్టు తిప్పితే ఐడ్లింగ్ నుంచి పైదాకా మిశ్రమం అంతా ఒకేసారి మారుతుంది. 60 దగ్గర ఎంత పెట్రోల్ రావాలన్నది నీడిల్ సన్నబడే తీరు చెబుతుంది. కోన్ ఫిల్టర్లతో గాలి తేలిగ్గా వస్తోంది. దానికి తోడు ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఉత్త పెట్రోల్‌కి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి సరిపోతే, దీనికి 13.5 పాళ్లే. అంటే అదే గాలికి దాదాపు 8–9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత నీడిల్ అది ఇవ్వదు.

రెండు కార్బొరేటర్లలోని పిస్టన్లూ తీసి నీడిళ్ల కాండం మీది అక్షరాలు చదవండి. రెండూ ఒకటే అయి ఉండాలి, స్ప్రింగుల రంగు కూడా. నీడిల్ భుజం పిస్టన్ అడుగుకి సరిసమానంగా ఉండాలి. ఐడ్లింగ్ దగ్గర అంతే మందం ఉండి పైకి పోయేకొద్దీ ఒక మెట్టు సన్నగా ఉన్న జత తెప్పించండి. జెట్టుని వంతెనకి సమంగా తెచ్చి అక్కణ్ణుంచి నట్టు 12 పలకలు, అంటే రెండు చుట్లు దించి మొదలుపెట్టండి (ఈ వంతెన కార్బొరేటర్ గొంతులో జెట్టు చుట్టూ ఉండే గట్టండి, గౌతమి మీదది కాదు). రెండు గొంతుల్లో గాలి సమానం చేశాక కార్బొరేటర్ పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు లోపు ఎత్తండి: ఇంజిన్ కాస్త పెరిగి సర్దుకుంటే సరి, పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, వెంటనే ఆగబోతే తక్కువ. ఆ పిస్టన్ల మీది డ్యాష్‌పాట్లలో 20 గ్రేడు ఆయిల్ పోయడం మర్చిపోకండి.

ప్రశ్న: మా అంబాసిడర్‌కి ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కొత్త ఎగ్జాస్ట్ గొట్టాలు వేయించాం. అప్పట్నుంచి ఎండలో ఆపి పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే స్టార్టవదండి. గంట ఆగితే మామూలే.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఈ ఇంజిన్లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయండి. కార్బొరేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ నెత్తిన కూర్చుంటుంది. కొత్త గొట్టాలు వేసేటప్పుడు మధ్యలోని వేడి అడ్డురేకు తీసి పక్కన పడేసి ఉంటారు. గిన్నెలో పెట్రోల్ మరిగి ఇన్‌లెట్లోకి పొంగుతోంది. రేకు మళ్లీ పెట్టించండి, కార్బొరేటర్ కింద బేకలైట్ దిమ్మ ఉందో లేదో చూడండి. ఈలోగా ఆగిపోతే చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ పంపు కొట్టకుండా పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.

ప్రశ్న: సంక్రాంతికి తీసి మళ్లీ దసరాదాకా షెడ్డులోనే ఉంచుతాం. తీసిన ప్రతిసారీ మిస్సింగ్, లైట్లు కూడా మసక.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: లైట్లు కూడా మసకంటే ముందు ఎర్త్ చూడాలి. మీటరు వోల్టుల మీద పెట్టి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ దిమ్మకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఇంజిన్‌నీ ఛాసిస్‌నీ కలిపే అల్లిక పట్టీ విప్పి, ఆకుపచ్చ చిలుము గీకి, గ్రీజు రాసి బిగించండి. తర్వాత ట్యాంకు అడుగు బిరడా తీసి ఒక లీటరు గాజుసీసాలో పట్టండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీళ్లతో కలిసి అడుగున వేరే పొరగా దిగుతుంది. సీసాలో రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. కొత్త పెట్రోల్ కలిపితే బాగుపడదు. నల్లటి పొడి కనిపిస్తే పాత రబ్బరు గొట్టాలు కరుగుతున్నాయి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి.