నోటిమాటకు పరువు నష్టం కేసు ఉంటుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాను. దిగిపోయాక జరిగిన మీటింగ్‌లో ఒకాయన నేను మెయింటెనెన్స్ డబ్బు తినేశానని అందరి ముందూ అన్నాడు. స్టేషన్‌కు వెళ్తే, "కాగితం మీద ఏమీ లేదు కదా, నోటిమాటకు కేసేంటి?" అన్నారు. జరిగి పది నెలలైంది. ఏం చేయాలి?

జవాబు: స్టేషన్‌లో చెప్పిన కారణం తప్పు. కేసు తీసుకోకపోవడం మాత్రం చట్టప్రకారమే. పరువు నష్టం నాన్ కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనిది. మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేట్ కంప్లయింట్ వేసుకోవాలి.

రాతకో న్యాయం, మాటకో న్యాయం అన్నది ఇంగ్లండ్ పద్ధతి. రాసిన నింద అక్కడ లైబెల్, నోటితో అన్నది స్లాండర్. స్లాండర్‌కు దావా వేయాలంటే, నేరం అంటగట్టడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, ఫలానా నష్టం జరిగిందని చూపించాలి. మన దేశానికి 1860లో ఐపీసీ చేసినప్పుడు 499 సెక్షన్‌లో ఈ తేడా పెట్టలేదు. మాట, రాత, సైగ, బొమ్మ అన్నీ ఒకటే. ఇప్పుడదే భారతీయ న్యాయ సంహిత 356. సివిల్ దావాల్లోనూ మద్రాసు హైకోర్టు 1880ల్లోనే, ఒకావిడ పెళ్లి చెల్లదంటూ నోటికొచ్చినట్టు తిట్టిన కేసులో, ఆ ఇంగ్లిష్ నియమాన్ని పక్కన పెట్టింది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ కోర్టు కిందే ఉండేవి. తమాషా ఏమిటంటే, ఇంగ్లండ్ 2009లో చట్టం చేసి పరువు నష్టాన్ని నేరాల జాబితాలోంచే తీసేసింది. మన సుప్రీంకోర్టు 2016లో నేరంగానే ఉంచింది. రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజ సేవ కూడా చేర్చారు.

ఇక మీ సంగతి. "లెక్కలు చూపించండి" అని అడగడం పరువు నష్టం కాదు, సభ్యుడిగా అది ఆయన హక్కు. "తినేశాడు" అన్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. అదే మాట కోర్టులో చెప్పగల ఇద్దరు ముగ్గురిని ముందు చూసుకోండి. ఎవరి ఫోన్లోనైనా రికార్డింగ్ ఉంటే సాక్ష్య చట్టం అడిగే సర్టిఫికెట్‌తో కలిపి దాఖలు చేయాలి. మీ హయాం లెక్కలు ఆడిట్ చేయించి ఉంచుకోండి. నింద నిజమని తేలితే సివిల్ దావా నిలవదు.

క్రిమినల్ కంప్లయింట్‌కు మూడేళ్ల గడువుంది, తొందర లేదు. నష్టపరిహారం దావాకు మాత్రం ఆ మాట అన్న రోజు నుంచి ఏడాదే. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి కాబట్టి కోపంలో కోట్లు రాయకండి. ముందు లాయర్ నోటీసు పంపి క్షమాపణ అడగండి, చాలా గొడవలు అక్కడే తెగుతాయి. అయితే నోటీసు పంపినంత మాత్రాన ఆ ఏడాది గడువు ఆగదు. జవాబు రాకపోతే మిగిలిన రెండు నెలల్లోనే దావా పడాలి.